ఆషాఢంలో ఆగిన పల్లి గింజ

శుభవార్త వచ్చేటప్పటికి శ్రేయ పుట్టింటి డాబా మీద ఉతికిన చీరలు ఆరేస్తోంది. జనగామ రైల్వేస్టేషను వైపు నుంచి మెల్లగా వచ్చిన ఆషాఢపు మబ్బు ఒకటి, కురవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు సరిగ్గా వాళ్ల ఇంటి మీద ఆగింది. నోట్లో రెండు బట్టల క్లిప్పులు పెట్టుకుని ఉండటం వల్ల ఆమె హలో అనలేకపోయింది. అవతల మొగుడు మహీధర్‌కు ఆ హలోతో పని లేదు. భూపాలపల్లిలో బొగ్గుగని షిఫ్టు దిగి, తల మీది హెల్మెట్ కూడా తీయకుండా ఫోను చేసినట్టున్నాడు. ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ నాకే చెప్పింది. నీ రక్తంల పెరగాల్సింది మంచిగ పెరిగిందట. శ్రావణం రాంగనే దవాఖానల కూసోబెట్టి మూడు పల్లీలు తినిపిస్తదట. మూడు, శ్రేయా. ఒకటి కాదు."

శ్రేయ క్లిప్పులు తీసి చేతిలో పట్టుకుంది. "మూడా" అంది.

మిగతాదంతా అతనే చెప్పుకుపోయాడు. తొర్రూరులో వాళ్ల అమ్మకు అప్పుడే చెప్పేశాడట. అమ్మ అప్పుడే చుట్టాలకు ఫోన్లు మొదలుపెట్టిందట. శ్రావణం మొదటి ఆదివారం పోచమ్మకు బోనం చేసి, అందరినీ పిలిచి ఇంట్లో బంతి వేస్తారట. నలభై మంది వరసగా కూర్చునే ఆ బంతిలో, పెళ్లయ్యాక మొట్టమొదటిసారి, కొత్త కోడలికీ ఒక విస్తరి పడుతుందట. పక్క విస్తరిలోంచి పల్లి చట్నీ మరక తగిలినా, వడ్డించే గరిటెకు పల్లి పొడి అంటుకుని ఉన్నా ఇక వణకనక్కర్లేదట.

సంతోషంగా లేదా అని అడిగాడు. సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పింది. సరే, ఇంకా పదకొండు రోజులే కదా అని నవ్వి అతను ఫోను పెట్టేశాడు.

శ్రేయ తడి చీర కొంగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్లు మెట్టెల మీద చుక్క చుక్కగా పడ్డాయి. మామూలు రోజైతే అది కూడా ఆమెకు ముచ్చటగానే ఉండేది. పెళ్లయిన దగ్గర్నుంచి తన కాళ్లను తానే ఒకటికి రెండుసార్లు చూసుకునే అలవాటు పట్టుకుంది. ఇవాళ చూడలేదు. ఆమె మనసంతా కింద గదిలో, ఇనుప పెట్టె అడుగున, పట్టుచీర మడతల మధ్య దాచిన ముప్పై పొట్లాల మీద ఉంది. ఆషాఢానికి పుట్టింటికి వచ్చేటప్పుడు రోజుకొకటి చొప్పున తెచ్చుకున్న పొట్లాలవి. ఒక్కొక్క దాంట్లో ఒక్క పల్లి గింజ ఎత్తు పొడి. వచ్చి పద్దెనిమిది రోజులు గడిచాయి. ముప్పైకి ముప్పై పొట్లాలూ అలాగే ఉన్నాయి.

ఆ సంగతి ఈ లోకంలో ఆమెకు ఒక్కతెకే తెలుసు.

నాలుగేళ్ల వయసులో నర్మెట్టలో మేనమామ పెళ్లికి పోయినప్పుడు ఎవరో చేతిలో పల్లిపట్టి ముక్క పెట్టారు. కొరికిన కాసేపటికి పెదవులు తొనల్లా ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, గొంతులోంచి ఈల వేసినట్టు చప్పుడు మొదలైంది. అమ్మ ఆమెను భుజాన వేసుకుని, పెళ్లి పందిట్లోంచి చెప్పుల్లేకుండా పరుగెత్తి, దారిన పోయే జీపును ఆపి జనగామ తెచ్చింది. ఆ రోజు నుంచి ఈ ఇంటి గడపలోకి పల్లి గింజ రాలేదు. నూనె మారింది. చట్నీలు మారాయి. బళ్లో మధ్యాహ్నం గంట కొట్టేసరికి అమ్మ గేటు దగ్గర ఉండేది, పక్క పిల్లల డబ్బాల్లోంచి ఏదీ చేతికి రాకుండా. కాలేజీకి వెళ్లేదాకా శ్రేయ ఎవరి పెళ్లిలోనూ భోజనం చేయలేదు. తన పెళ్లిలో కూడా చేయలేదు. తలంబ్రాలు పోసుకున్న చేతులతోనే, విడిదింటి వెనక గదిలో, అమ్మ తెచ్చిన క్యారియర్ విప్పుకుని ఒక్కతే తింది. పక్కన కూర్చుని మహీధర్ విసనకర్రతో విసిరాడు. అంత అన్యాయమైన భోజనం మళ్లీ ఎప్పటికీ ఉండొద్దని ఆ పూటే అతను నిర్ణయించుకున్నాడు.

తొర్రూరు అత్తగారిల్లు పల్లీల ఇల్లు. పచ్చిపులుసులో పల్లి పొడి, వంకాయలో పల్లి ముద్ద, పొద్దున టిఫిన్‌లోకి పల్లి చట్నీ, సాయంత్రం చాయ్ పక్కన ఉడకబెట్టిన పల్లికాయ. కోడలు వచ్చిన కొత్తలో అత్త సుశీలమ్మ రెండు వారాలు అన్నీ బంద్ చేయించింది. మామగారు పళ్లెం ముందు కూర్చుని రోజూ ఒక నిట్టూర్పు వదిలేవాడు. ఆ నిట్టూర్పు భరించలేక శ్రేయే వేరే పొయ్యి అడిగింది. వేరే గిన్నెలు, వేరే గరిటె, వేరే కంచం. అందరికంటే ముందు తినేసి వంటింట్లోంచి వెళ్లిపోవడం. వాళ్లంతా హాల్లో కూర్చుని తింటూ నవ్వుతుంటే గోడకు ఇవతల మంచం మీద కూర్చుని ఆ నవ్వులు వినడం. మహీధర్ భూపాలపల్లిలో ఇద్దరు స్నేహితులతో కలిసి గదిలో ఉంటాడు. శనివారం సాయంత్రం బస్సు దిగుతాడు, సోమవారం తెల్లవారకముందే ఎక్కుతాడు. మిగిలిన అయిదు రోజులూ ఆ గోడే ఆమెకు తోడు. చుట్టాలు కొందరు, మన చేతి వంట ఆమెకు ఆనదేమో అని అననే అన్నారు. వాళ్లకు ఏమని చెప్పాలి? ఒక్క గింజ వల్ల మనిషి చావొచ్చంటే నవ్వేవాళ్లే ఎక్కువ.

హన్మకొండలో ఇలాంటి కేసులు చూసే డాక్టరమ్మను మహీధరే వెతికి పట్టుకున్నాడు. ఫాల్గుణంలో పెళ్లి, ఆ నెలలోనే మొదటి మోతాదు. కంటికి ఆననంత పొడి, అరటిపండు ముక్కలో. రెండు వారాలకొకసారి దవాఖానలో కూర్చోబెట్టి కొంచెం పెంచుతారు. ఆ పెంచిన మోతాదునే ఇంట్లో రోజూ తినాలి. తిన్నాక రెండు గంటలు పడుకోవద్దు, పరుగెత్తవద్దు, వేడినీళ్ల స్నానం చేయవద్దు, ఒంటరిగా అసలే ఉండవద్దు. మహీధర్ సన్నపు తూకాలు తూచే చిన్న మిషను ఒకటి కొని తెచ్చాడు. దాని మీద పల్లి పొడి కంటే మిగతావే ఎక్కువ తూచారు ఇద్దరూ. ఆమె ముక్కుపుడక, ఒక మల్లెమొగ్గ, అతని చొక్కా గుండీ, పిచ్చుక ఈక. మల్లెమొగ్గ కంటే ఈక తేలికని తెలిసిన ఆదివారం వాళ్లు ఎంత నవ్వారంటే సుశీలమ్మ వచ్చి తలుపు కొట్టింది.

శ్రేయ మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది. ఒంట్లో ఏం జరుగుతోందో మొగుడికి పాఠం చెప్పడం ఆమెకు మహా ఇష్టం. తన ఒంట్లో కొన్ని కాపలా కణాలు ఉన్నాయని చెప్పింది. వాటి ఒంటినిండా ఐజీఈ అనే ప్రతిరక్షకాలు కొక్కేల్లా గుచ్చుకుని ఉంటాయి. పల్లిలోని మాంసకృత్తు తునక ఆ కొక్కేలకు చిక్కితే చాలు, కణం హిస్టమిన్‌ను బయటికి చిమ్ముతుంది. దొంగ లేకపోయినా ఊరంతా లేచి కర్రలు పట్టుకున్నట్టవుతుంది. అయితే అదే పల్లిని, గొడవ లేవనంత కొద్దిగా, రోజూ తప్పకుండా చూపిస్తూ పోతే ఇంకో రకం కణాలు పెరుగుతాయి. వాటి ఉద్యోగమే గొడవ ఆపడం. అవి ఇంటర్‌ల్యూకిన్-10 అనే పదార్థాన్ని వదిలి తక్కినవాటిని ఊరుకోబెడతాయి. క్రమంగా ఐజీజీ-4 అనే వేరే ప్రతిరక్షకం తయారై, పల్లి తునకలను దారిలోనే పట్టేసుకుంటుంది. కొక్కేల దాకా పోనివ్వదు.

అంతా విని మహీధర్, "అంటే మా టైగర్ లెక్క" అన్నాడు.

టైగర్ ఆ ఇంటి కుక్క. కొత్త కోడలు గేటు లోపల అడుగుపెట్టిన రోజు గొలుసు తెంపుకునేలా మొరిగింది. సుశీలమ్మ రోజూ కోడలి చేతనే దానికి అన్నం పెట్టించింది. మొదట దూరం నుంచి, తర్వాత గిన్నె జరిపి, తర్వాత చేత్తో. నెల తిరిగేసరికి కోడలి అడుగు వినగానే తోక ఊపడం మొదలుపెట్టింది. పోలిక బాగుందని శ్రేయ ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు అతను వారమంతా గొప్పలు పోయాడు.

ఆ నాలుగు నెలల్లో ఆమెకు అన్నిటికంటే తీపి సమయం మహీధర్ వచ్చే శనివారం కూడా కాదు. సాయంత్రం నాలుగింటికి సుశీలమ్మ స్టూలు లాక్కుని వచ్చి, "వేసుకున్నవా" అని అడిగి, ఎదురుగా కూర్చునే సమయం. ఒంటరిగా ఉండవద్దని డాక్టరమ్మ చెప్పిన మాటను ఆమె పూజలాగా పాటించింది. గోడ మీది క్యాలెండర్‌లో రోజుకో ముక్క రాసేది: పెదవి దురద, గొంతు గీకుడు, ఏమీ లేదు. పొడి వేసుకున్న పావుగంటకు శ్రేయ గొంతు రెండుమూడుసార్లు సవరించుకునేది. అది మామూలేనని డాక్టరమ్మ చెప్పినా, ఆ చప్పుడు విన్నప్పుడల్లా సుశీలమ్మ చేతిలో తుంచుతున్న చిక్కుడుకాయ అలాగే ఆగిపోయేది. ఆ రెండు గంటల్లో కోడలికి తన చిన్ననాటి ముచ్చట్లన్నీ చెప్పింది. గోడకు ఇవతల ఉండే మనిషికి ఆ స్టూలు మీది మాటలే బంతి భోజనం.

అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు, అత్త ఒకే గడప దాటకూడదు. అల్లుడు అత్తగారింటికి రాకూడదు. ఎంత చదువుకున్నా ఆ నెల ఎవరి ఇంట్లో వాళ్లు. బయల్దేరే ముందు రోజు డాక్టరమ్మ రక్తం తీసి హైదరాబాదు పంపింది. ఆపవద్దు, మూడు రోజులకు మించి ఆగితే సొంతంగా మొదలుపెట్టవద్దు, నాకు ఫోను చేయాలి అని కాగితం మీద గీత గీసి మరీ చెప్పింది. శ్రేయ తల ఊపింది.

ఊపింది గానీ, అమ్మకు ఈ వైద్యం సంగతే తెలియదు. పల్లి పేరు వింటేనే తెల్లబోయే అమ్మకు, నీ బిడ్డ రోజూ పల్లి తింటోందని ఎలా చెబుతారు? అంతా పూర్తయ్యాక, బంతిలో కూర్చున్న ఫోటో పంపి చెబుదామని మొగుడూ పెళ్లాలు అనుకున్నారు. మొదటి రోజు శ్రేయ పొట్లం విప్పబోతుంటే అమ్మ గోరింటాకు గిన్నెతో గదిలోకి వచ్చింది. రెండో రోజు అమ్మ పక్కనే పడుకుని, ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో నువ్వు భయం లేకుండా తినగలిగావని, అదొక్కటే తను చేసిన గొప్ప పని అని చెప్పింది. మూడో రోజు ఆమెకు చేయి రాలేదు. ఎమ్మెస్సీ బుర్ర ఒక ఓదార్పు వెతికి పెట్టింది: చిన్నప్పుడు వేసిన టీకాను ఒళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు కదా, నాలుగు నెలలు నేర్చుకున్న పాఠం నెలరోజుల్లో ఎక్కడికి పోతుంది? శత్రువును గుర్తుపెట్టుకోవడం వేరు, గొడవ పడకుండా ఊరుకోవడం వేరు అని తెలిసి కూడా ఆ ఓదార్పునే పట్టుకుంది.

సుశీలమ్మ మాత్రం స్టూలు మానలేదు. ఆషాఢంలో గడప దాటవద్దన్నారు గానీ ఫోను వద్దనలేదని, రోజూ నాలుగింటికి ఫోను చేసి గంటసేపు కూర్చునేది. వేసుకున్నవా? వేసుకున్న అత్తమ్మా. అమ్మ పక్కన ఉన్నదా? ఉన్నది. డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో ఒక్కతే కూర్చుని శ్రేయ ఆ రెండు అబద్ధాలూ రోజూ చెప్పింది. అన్నిటికంటే తీపి గంట అన్నిటికంటే ఒంటరి గంట అయిపోయింది. అత్త మాట్లాడుతుంటే తను అక్కడ లేనట్టే ఉండేది. ఆమె ముచ్చట్లు చెబుతున్నది మందు వేసుకునే కోడలితో, ఆ కోడలు ఇప్పుడు ఎక్కడా లేదు.

ఇక ఇవాళ ఈ శుభవార్త.

మధ్యాహ్నమంతా ఆమె ఆలోచించింది. నిజం చెబితే మళ్లీ మొదటికొస్తుంది. విస్తరి ఉండదు. నలభై మందికీ ఫోన్లు చేసిన అత్త మళ్లీ నలభై మందికీ ఫోన్లు చేయాలి. చెప్పకపోతే పదకొండు రోజులు ఉన్నాయి. ఇవాళ సగం పొట్లం, రేపటి నుంచి పూర్తిగా. శ్రావణం నాటికి ఒళ్లు అందుకోదా? మూడున్నర దాటాక పెట్టె మూత ఎత్తింది. చీర మడతల్లోంచి ఒక పొట్లం తీసి, సగం పొడి అరటిపండు ముక్కలో అద్ది, డాబా మెట్లెక్కుతూ మింగింది. రుచి కూడా తెలియలేదు. కింద అమ్మ చాయ్ గిన్నె కడుగుతున్న చప్పుడు.

సరిగ్గా నాలుగింటికి ఫోను మోగింది.

సుశీలమ్మ గొంతు పొంగిపోతోంది. విస్తర్లు చెప్పానంది, వంటమనిషిని మాట్లాడానంది. టైగర్ నాలుగయ్యేసరికి స్టూలు దగ్గరికి వచ్చి పడుకుంటోందని, కోడలు లేని ఈ రోజుల్లో కొత్తవాళ్లను చూసి మళ్లీ మొరుగుడు ఎక్కువైందని చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, తన రహస్యం చెప్పింది.

"డాక్టరమ్మ ఒకటి నుంచి మూడుకు ఎందుకు పోయిందనుకున్నవు? ఇయ్యాల పొద్దుగాల్నే నాకు ఫోన్ చేసి అడిగింది. నేను క్యాలెండర్ చదివి వినిపించిన. ఆషాఢం పడ్డ సంది గొంతు గీకుడు లేదు, సవరించుకునుడు లేదు, పద్దెనిమిది దినాలు ఏమీ లేదు అని. రోజూ ఫోన్ల వింటున్న కదా బిడ్డా. నీ గొంతు నాకు తెల్వదా."

శ్రేయకు లెక్క అర్థమైంది. తన అబద్ధం తొర్రూరు గోడ మీద క్యాలెండర్‌లోకి ఎక్కింది, అక్కడి నుంచి హన్మకొండకు పోయింది, అక్కడ మూడు గింజలుగా మారి తన కోసం కాచుకుని ఉంది. పద్దెనిమిది గళ్లలోనూ ఏమీ లేదు అని అత్త కుదురైన చేతిరాత కళ్లకు కట్టింది.

అప్పుడే గొంతులో దురద మొదలైంది.

మొదట మామూలు దురదే. సవరించుకుంటే పోయేది. కానీ సవరించుకుంటే అత్త వింటుంది. శ్రేయ ఉమ్మి మింగి ఆపుకుంది. పెదవి చివర చీమ కుట్టినట్టయింది. అత్త బోనం కుండకు కొత్త సున్నం గురించి చెబుతోంది. మెడ మీద వేడిగా ఏదో పాకుతోంది. చేయి పెట్టి చూసుకుంటే దద్దురు. ఇంకో ఉమ్మి మింగింది, అది సరిగ్గా దిగలేదు. పద్దెనిమిది రోజుల్లో ఆ ఊరుకోబెట్టే కణాలు ఎటు పోయాయో, కాపలావాళ్లు మాత్రం కర్రలు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఇక ఆగలేక గొంతు సవరించుకుంది. ఒకసారి కాదు, వరసగా నాలుగుసార్లు.

అవతల మాట ఆగిపోయింది. చిక్కుడుకాయ ఆగినట్టు ఆగిపోయింది.

"ఎన్ని దినాలైంది బిడ్డా, మందు ముట్టక?"

శ్రేయకు ఏడుపొచ్చింది. "పద్దెనిమిది. ఇయ్యాల్నే సగం వేసుకున్న."

"మీ అమ్మ పక్కన లేదు కదా."

"లేదు."

"ఫోను పెట్టకు. మెల్లగ మెట్లు దిగు, ఉరుకకు. మీ అమ్మకు ఇయ్యి."

అమ్మ వంటింట్లోంచి తడి చేతులతో వచ్చింది. బిడ్డ మెడ చూడగానే ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఫోనులో వియ్యపురాలు రెండే మాటలు చెప్పింది: పెట్టెలో పొట్లాల పక్కన తను సర్దిన డాక్టరమ్మ మందుల తెల్ల డబ్బా ఉంది, అందులో మాత్రలు ఉన్నాయి, ఒకటి వేసి వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. అమ్మ పెట్టె మూత ఎత్తింది. పొట్లాలను చూసింది. ఏమిటివి అని అడగలేదు. మాత్ర వేసి, నీళ్లు తాగించి, పక్కింటి బక్కయ్య ఆటో పిలిచింది. ఈసారి కూడా చెప్పులు మరిచిపోయింది.

దవాఖానలో నర్సు బీపీ చూసి, తొడకు ఇంజెక్షన్ ఇచ్చి, కనిపించేచోట పడుకోబెట్టింది. అరగంటకు దద్దుర్లు పలచబడ్డాయి. ఊపిరి దారిలోకి వచ్చింది. హన్మకొండ డాక్టరమ్మతో సుశీలమ్మ ఇంకో ఫోనులో మాట్లాడి, ఆమె చెప్పింది వీళ్లకు చెబుతూనే ఉంది. ఈ ఫోను మాత్రం పెట్టలేదు, వైద్యం సంగతంతా అందులోనే అమ్మకు చెప్పింది. మంచం మీద, దిండు పక్కన, అది వెలుగుతూనే ఉంది. బయట వాన మొదలైంది.

అమ్మ స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత, "నాకెందుకు చెప్పలే" అంది.

"చెప్తే ఒద్దంటవని."

"అంట. నిన్ను భుజం మీద ఏసుకొని ఉరికింది నేను కదా. ఒద్దనే అంట." కొంగుతో కూతురి మెడ మీది చెమట తుడిచింది. "కానీ ఒద్దనుకుంటనే పక్కన కూసుందును. నువ్వు ఒక్కదానివే డాబా మీద ఎందుకు కూసున్నవు?"

శ్రేయ ఆ కొంగు పట్టుకుంది. ఈ ఇరవై ఏళ్లలో పెళ్లిళ్ల వెనక గదుల్లో క్యారియర్ విప్పినప్పుడల్లా, పక్కన అమ్మ కూడా తినకుండా కూర్చునే ఉందని ఇప్పుడు గుర్తొచ్చింది. తను ఒక్కతే తిన్నానని అనుకుందే గానీ, ఆ గదుల్లో ఇద్దరున్నారు.

దిండు పక్కన ఫోను గొంతు సవరించుకుంది. సుశీలమ్మ వియ్యపురాలిని పిలిచింది.

"వదినె, తప్పు మాది కూడ ఉన్నది. మీకు తెలుసనే అనుకున్న. నేనే ఒక్కసారి మీతోని మాట్లాడవలసింది." తర్వాత కోడలితో, డాక్టరమ్మ చెప్పినదంతా దాచకుండా చెప్పింది. మూడు లేదు. ఒకటి కూడా లేదు. బాగా తగ్గి, దవాఖానలోనే, గింజలో ఎనిమిదో వంతు దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి. మొత్తం పోలేదట, ఒకసారి నేర్చుకున్న ఒళ్లు ఈసారి కొంచెం తొందరగానే ఊరుకోవచ్చట. కానీ రోజు తప్పితే లాభం లేదట.

"మరి శ్రావణం బంతి?" అని అడిగింది శ్రేయ. అడగకుండా ఉండలేకపోయింది.

అవతల టైగర్ ఎవరినో చూసి మొరుగుతోంది. సుశీలమ్మ దాన్ని ఊరుకోమంది. ఆ బంతిలో ఈసారి కోడలు కూర్చోదని నలభై మందికీ తనే చెబుతానంది. అడిగినవాళ్లకు ఎందుకో కూడా చెబుతానంది. క్యాలెండర్‌లో పద్దెనిమిది గళ్లూ కొట్టేస్తున్నానంది. ఆ మాట అంటున్నప్పుడు గీత గీసిన చప్పుడు కూడా వినబడింది. ఒకటి, రెండు, మూడు. శ్రేయ కళ్లు మూసుకుని వింది.

గీతలు అయిపోయాక ఆమె, రేపే హన్మకొండ రమ్మన్నారని చెప్పింది. అమ్మ ఉలిక్కిపడింది. ఆషాఢం ఇంకా పదకొండు రోజులుంది, అత్తాకోడళ్లు ఎదురుపడొచ్చా అని అడిగింది.

"గడప నాది కాదు, మీది కాదు, వదినె. దవాఖాన గడపకు ఆషాఢం ఏంది? జర మీరే చెప్పుండ్రి."

అమ్మ పెదవులు మొదటిసారి కొంచెం విచ్చుకున్నాయి. పెళ్లయ్యాక ఈ ఇద్దరు ఆడవాళ్లు ఒకరితో ఒకరు ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. దవాఖాన గడప ఎవరిదీ కాదని ఆమె ఒప్పుకుంది.

"అయితే వినుండ్రి" అంది సుశీలమ్మ. "రేపు పొద్దుగాల నేను తొర్రూరుల ఏడింటి బస్సు ఎక్కుత. మీరిద్దరు జనగామల ఎక్కుండ్రి. మహీ భూపాలపల్లి నుంచి వస్తడు, లీవు పెట్టమని చెప్పిన. పది గంటలకు అందరం హన్మకొండ దవాఖాన ముందల కలుసుకుందం. అన్నం మీరు తేండ్రి, మీ వంట మీద నాకు నమ్మకం. పచ్చిపులుసు నేను తెస్త, శ్రేయ పొయ్యి మీద, శ్రేయ గిన్నెల, పల్లి పొడి లేకుండ. మందు ఏసినంక ఎట్లైనా రెండు గంటలు కూసోవాలె కదా. గా బెంచీ మీదనే నలుగురం వరసగ కూసోని తిందం."

అంతకంటే ముఖ్యమైనది ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో మాట చేర్చింది.

"విస్తర్లు నేను తెస్త. నలభై చెప్పిన, నాలుగు ముందే అడుగుత."